తుడిచేసిన నూనె

హన్మాండ్లు చేతికి మొదట అలవాటైన పని ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టడం. మెట్‌పల్లి పక్క పల్లెలో నాలుగో తరగతితో బడి మానేసి, మేనమామ బండి వెనక నడిచిన రోజుల్లో నేర్చుకున్నాడు. కందెన దగ్గర పిసినారితనం పనికిరాదని, ఇరుసు ఎండితే ఎడ్ల ఉసురు తగులుతుందని మేనమామ చెప్పేవాడు. ఆ మాట అతని మనసులో దేవుడి మాటంత గట్టిగా నిలిచిపోయింది. తర్వాత ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాయి, ఆ తర్వాత అతను దుబాయ్ వచ్చాడు. దుబాయ్ పక్కనే ఉన్న షార్జాలో, సజ్జా అనే చోట ఒక గ్యారేజీలో నాలుగేళ్లు బండ్లు కడిగాడు. 2005లో, ఎండలు కాస్త దిగిన కార్తీక మాసంలో, అతన్ని నీళ్ల దగ్గర్నుంచి ఇంజన్ల దగ్గరికి పిలిచినవాడు సనావుల్లా.

సనావుల్లాది బోధన్. గ్యారేజీకి ఉస్తాద్, అంటే పెద్ద మెకానిక్, ఆయనే. పికప్పులను ఇంకా జోరుగా పరుగెత్తించాలనుకునే అరబ్బులు రస్ అల్ ఖైమా నుంచి కూడా ఆయన పేరు అడుగుతూ వచ్చేవారు. పేరు పడ్డ మనిషికి ఉండే బిగువు మాత్రం ఆయనలో ఉండేది కాదు. శనివారం హన్మాండ్లు ఒక్కపొద్దు ఉంటాడని తెలిసి, వంట మనిషి దగ్గరికి తానే వెళ్లి, "ఇయ్యాల శనివారం, మాంసం కూర గరిటె హన్మాండ్లు గిన్నెల పెట్టకు" అని చెప్పి వచ్చేవాడు. హన్మాండ్లు తన పనిముట్ల బీరువా తలుపుకు లోపలివైపు ఆంజనేయస్వామి పటం అంటించుకున్నాడు. దాని మీద గ్రీజు చెయ్యి పడకుండా సనావుల్లా ఆ తలుపును మోచేత్తో తెరిచేవాడు.

ఆ నెలలోనే, అందరూ అర్బాబ్ అని పిలిచే ఒక పెద్దమనిషి తన అమెరికా పికప్ తెచ్చాడు. దాని ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే సూపర్‌చార్జర్ ముందే ఉంది. అది ఇంకా వేగంగా తిరగాలి, బండి ఇసుక దిబ్బను ఒక్క ఊపులో ఎక్కాలి, అదీ ఆయన కోరిక. అందుకు సూపర్‌చార్జర్‌ను తిప్పే పుల్లీ తీసి చిన్నది వెయ్యాలి. గాలి లోపలికి పోయే దారి వెడల్పు చెయ్యాలి. పుల్లీ సనావుల్లా తీసుకున్నాడు. కొత్త గొట్టం, కొత్త దూది ఫిల్టర్ హన్మాండ్లుకు అప్పజెప్పాడు.

"పెట్టెల పేపరుంటది తమ్మీ. చదువుకో. సమజ్ కాకపోతే అడుగు."

ఇంగ్లీషు కాగితం. అక్షరాలు చీమల బారులా కనిపించాయి. అడిగితే మళ్లీ నీళ్ల దగ్గరికి పంపుతారేమోనని హన్మాండ్లు భయపడ్డాడు. బొమ్మలు చూశాడు. పెట్టెలో ఒక చిన్న సీసా నిండా ఎర్ర నూనె ఉంది. ఫిల్టర్‌కు నూనె అప్పటికే పట్టించి ఉందనీ, సీసా ఎప్పుడో కడిగిన నాటికి పనికొచ్చేదనీ ఆ కాగితంలోనే రాసి ఉంది. ఇసుక దేశం కదా, దూది ఎంత తడిగా ఉంటే దుమ్ము అంత ఆగుతుందని అనుకుని, సీసా మొత్తం ఒంపి, వేళ్లతో ప్రేమగా రాశాడు.

"పేపరు చదివినవా?" అని సనావుల్లా అడిగాడు.

"చదివిన భాయ్."

నాలుగో రోజున బండి రికవరీ ట్రక్కు మీద తిరిగి వచ్చింది. దిబ్బ సగంలో ఇంజన్ గణగణ కొట్టుకుని ఆగిపోయిందట. గ్యారేజీ నడిపే ముదీర్, అంటే మేనేజరు, అబ్దుల్ రహీం ముఖం మాడ్చుకుని, పైన బిగించినవన్నీ విప్పమని హన్మాండ్లుకు చెప్పి ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

గొట్టం ఊడదీసేసరికి హన్మాండ్లు చేతికి ఎర్రగా తడి తగిలింది. గొట్టం లోపల, వచ్చే గాలిని కొలిచే సన్నటి తీగ ఒకటి ఉంటుంది. ఎంత గాలి వచ్చిందో అది చెబితేనే ఇంజన్ అంత పెట్రోలు పోస్తుంది. ఈ సంగతి సనావుల్లానే ఒకనాడు చాయ్ తాగుతూ చెప్పాడు. ఆ తీగ నిండా ఎర్ర నూనె, దాని మీద దుమ్ము పేరుకుని ఉన్నాయి. మురికి పట్టిన తీగ గాలిని తక్కువగా చెప్పింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఇంజన్ లోపల వేడెక్కిపోయింది. అతనికి అర్థమైంది. అర్థమైన చేతులే గుడ్డ అందుకున్నాయి. గొట్టం తుడిచాడు. పెట్రోలులో ముంచిన పుల్లతో తీగను తుడిచాడు. ఫిల్టర్ కడిగి ఎండలో పెట్టాడు. నూనె ఎక్కువ పొయ్యడం తెలియక చేసింది. ఈ తుడవడం మాత్రం తెలిసే చేశాడు.

ఇంజన్ విప్పితే ఒక పిస్టన్ నెత్తి కరిగి చిల్లు పడి ఉంది.

"ఛోటా పుల్లీ. బహుత్ ఛోటా. గాలి ఎక్కువైంది. నీ లెక్క తప్పింది సనావుల్లా" అన్నాడు ముదీర్. అర్బాబ్ కూడా అక్కడే ఉన్నాడు. సనావుల్లా పుల్లీ చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "తప్పలేదే" అన్నాడు మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. మర్నాటి నుంచి ఆయన్ను టైర్లు మార్చే చోట కూర్చోబెట్టారు.

హన్మాండ్లు బీరువా తలుపు తెరిచి పెట్టడం మానేశాడు. కావలసిన పానా తీసుకుని వెంటనే మూసేసేవాడు. శనివారం వచ్చింది. టైర్ల దగ్గర్నుంచి లేచి, చేతులు కడుక్కుని, వంట మనిషి దగ్గరికి సనావుల్లా ఎప్పటిలాగే నడిచి వెళ్లాడు. హన్మాండ్లు ఆ పప్పన్నం సగంలోనే వదిలేసి లేచాడు. ఆయన కోపంగా ఉంటే బాగుండును. ముఖం తిప్పుకుంటే ఇంకా బాగుండును. రేపు చెబుదాం అనుకుంటూనే నెల మీద పది రోజులు గడిపాడు.

ఒక గురువారం మధ్యాహ్నం సనావుల్లా తన పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి తెచ్చి అతని ముందు పెట్టాడు. కర్ర పిడిది. ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వినేవాడు దానితో.

"ఇది నువ్వు ఉంచుకో. నేను పోతున్న. వీసా కాన్సిల్ జెయ్యమని ముదీర్‌కు చెప్పిన."

"ఎందుకు భాయ్?"

"ఎందుకేంది. కండ్లు మసకవట్టినయో, చేతికి అందాజ దొరుకుతలేదో. ముప్పయ్యేండ్ల పని ఇది. ఆ పుల్లీ మల్ల మల్ల కొలిచిన, ఏడ తప్పిననో దొరుకుతలేదు. తప్పు దొరకని ఉస్తాద్ ఇంకో ఇంజన్ ముట్టొద్దు. ఇయ్యాల బండి పోయింది, రేపు మనిషి పోతడు."

హన్మాండ్లు ఆ స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు.

"పుల్లీ మంచిగనే ఉండె భాయ్."

"ఏ పుల్లీ?"

"అర్బాబ్ బండిది. నీ లెక్క తప్పలే. నేను ఫిల్టర్‌కు సీసెడు నూనె పోసిన. తీగంత నూనైంది. ఇప్పినప్పుడు చూసిన. చూసి తుడిసేసిన."

సనావుల్లా అతని ముఖంలోకి చూశాడు.

"పేపరు చదివిన అన్నవు గద."

"నాకు ఇంగ్లీషు ఏడొస్తది భాయ్."

"అడిగితే చెప్పకపోదునా?"

హన్మాండ్లు తల వంచుకున్నాడు. చెంప మీద దెబ్బ పడుతుందని ఎదురు చూశాడు, పడాలని కోరుకున్నాడు. సనావుల్లా పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"అంటే పుల్లీ సరిగ్గనే ఉండెనా?"

"ఉండె భాయ్."

"నిజంగనే ఉండెనా?"

రెండోసారి అడుగుతున్నప్పుడు ఆయన హన్మాండ్లు వైపు చూడటం లేదు. తన రెండు చేతుల్నీ ముందుకు చాపి, వేళ్లు ముడిచి, తెరిచి, వాటినే చూసుకుంటున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషాన్ని చూడటం కంటే దెబ్బ తినడమే తేలికగా ఉండేదనిపించింది హన్మాండ్లుకు.

"నడు" అన్నాడు సనావుల్లా చివరికి. "గిదే మాట ముదీర్ ముంగట చెప్పు. అర్బాబ్‌ను గూడ పిలిపియ్యమను."

అబ్దుల్ రహీం అంతా విని, "ఇత్నే దిన్, ఇన్ని రోజులు, నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అన్నాడు. సాయంత్రం అర్బాబ్ వచ్చాడు. చెప్పింది విన్నాడు. హన్మాండ్లును ఒక్క మాటా అనలేదు, అసలు అతని వైపు చూడనేలేదు. నేరుగా సనావుల్లా దగ్గరికి నడిచి, మసి చెయ్యి అని చూడకుండా పట్టుకుని, "ఇస్మహ్‌లీ" అన్నాడు. తనను మన్నించమని. తప్పు చెయ్యని మనిషి పదిమంది ముందర ఇంత తొందరగా అడగగలిగిన మాట అది. హన్మాండ్లు ఇంకా అననే లేదు.

వీసా కాన్సిల్ మాట ఆగిపోయింది. సనావుల్లా ఇంజన్ల దగ్గరికి తిరిగి వెళ్లాడు. హన్మాండ్లును బండ్లు కడిగే చోటికే పంపారు. అతనికి అది శిక్షలా అనిపించలేదు, తలదాచుకోవడానికి ఒక చోటు దొరికినట్టనిపించింది.

వారం తర్వాత, అందరూ చాయ్‌కి వెళ్లిన వేళ, తడి బట్టలతోనే సనావుల్లా దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"భాయ్, ఆ దినం జరిగింది చెప్పిన గని, మాఫ్ జెయ్యమని అడగలే. గది అడగనీకి వచ్చిన."

సనావుల్లా చేతిలోని పానా పక్కన పెట్టాడు. ముఖంలో కోపం లేదు. పాత నవ్వూ లేదు.

"ఇంకొన్ని దినాలు ఆగు తమ్మీ. ఇప్పుడు అడిగితే మాఫ్ జేసిన అంటా. గని నోటితోనే అంటా. నీకు గది సాలదు, నాకు గూడ సాలదు."

"సరే భాయ్."

హన్మాండ్లు తిరిగి వెళ్లి నీళ్ల పైపు అందుకున్నాడు.