రైలు కొలత

మొన్న విశ్వకర్మ పూజ నాడు మా అక్క కొడుకు నన్ను భిలాయి పక్కన ఫ్యాక్టరీలుండే హథ్‌ఖోజ్ తీసుకెళ్ళాడు. అక్కడ వాడికి చిన్న వర్క్‌షాపు ఉంది, నట్లూ బోల్టులూ చేస్తారు. ఇప్పుడు నేనుండేది దుర్గ్‌లో వాడింట్లోనే కాబట్టి, ఏడాదికోసారి మిషన్లకి బొట్టు పెట్టే పని నాకు అప్పజెప్పాడు. పెద్దదాన్ని కదా, ఏదో ఒక ఉద్యోగం ఉండాలి. లేతు మిషనుకీ, డ్రిల్లుకీ, చివరికి కరెంటు మీటరుకి కూడా పసుపూ కుంకుమా పెట్టి, హారతి అయ్యాక గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. సన్నగా వాన పడుతోంది. ఎవరో టీ తెచ్చిచ్చారు. ఎక్కణ్ణించి తెచ్చారా అని చూస్తే రోడ్డుకి అవతల నీలం రంగు టీకొట్టు ఒకటి కనిపించింది. ముందు భాగం గుండ్రంగా లేచి, వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలిపోయింది. వెనక రేకు తలుపు పైకెత్తి ఉంది, దాని కింద స్టవ్వు మండుతోంది. అలాంటి ఆకారం గల వస్తువు నాకు తెలిసి ఈ జిల్లాలో ఒక్కటే ఉండాలి. అది భిలాయి సెక్టర్ 2లో అప్పటి మా క్వార్టర్ పెరట్లో తయారైంది. తయారుచేసింది మా ఆయన.

ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో వెల్డరు. పెళ్ళయ్యాక విజయనగరం నుంచి నన్ను తీసుకొచ్చేటప్పుడు రైల్లో ఇద్దరికీ కలిపి ఒక్క సైడు బెర్తే దొరికింది. సీట్ల వీపులు దించి దాన్ని పరిస్తే ఒక్కరే పడుకోవాలి. అందుకని పరవకుండా, కిటికీకి ఈ పక్కొకరూ ఆ పక్కొకరూ ఎదురెదురుగా కూర్చుని, మోకాళ్ళు తగిలితే సర్దుకుంటూ, మళ్ళీ తగిలించుకుంటూ వచ్చేశాం. ఆ దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. కరిగిన ఇనుము ఏ రంగులో ఉంటుందో, క్వార్టర్లో కుళాయి ఎన్ని గంటలకొస్తుందో, పక్కింటి సర్దార్జీ ఎంత గట్టిగా నవ్వుతాడో, అన్నీ చెప్పారు. ఈ మనిషి ఇంత వాగుడుకాయ, నేను ఎలా వేగాలిరా భగవంతుడా అని కాస్త భయపడ్డాను కూడా. ఆ భయం అక్కర్లేకపోయింది. దిగిన మర్నాడే డ్యూటీకి వెళ్ళారు. ఆ తర్వాత అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట మళ్ళీ వినలేదు.

షిఫ్టు డ్యూటీ మనిషితో కాపురం ఎలా ఉంటుందో భిలాయి ఆడవాళ్ళని అడగాలి. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. నేను లేచేసరికి ఆయన నిద్రపోతూ ఉండేవారు, ఆయన లేచేసరికి నేను బజారులో ఉండేదాన్ని. పగటిపూట ఆయన పడుకుంటే కుక్కరు కూత రాకుండా ముందే దింపేసేదాన్ని, అందుకే మా ఇంట్లో పప్పు ఎప్పుడూ పలుకుగానే ఉండేది. మాకు పిల్లల్లేరు. కాబట్టి చప్పుడు చేసేవాళ్ళు కూడా లేరు. షిఫ్టు ఇళ్ళలో ఒక పద్ధతి ఉంటుంది. ఎవరు ముందు తిన్నా సరిగ్గా సగం ఉంచి, మూత పెట్టి, రెండోవాళ్ళ కోసం వదిలెయ్యాలి. ఇరవై ఏళ్ళకి పైగా మేమిద్దరం ఆ మూతపెట్టిన గిన్నెలతోనే కాపురం చేశాం.

తొంభై మూడో నాలుగో, సరిగ్గా గుర్తులేదు, ఆయన్ని జనరల్ షిఫ్టులో వేశారు. వయసు పైబడిందని, కళ్ళు కూడా కాస్త మందగించాయని. ఇక రోజూ సాయంత్రం ఇంట్లోనే. అందరూ అదృష్టమన్నారు. మొదటి రోజు ఇద్దరం వరండాలో కూర్చున్నాం. "ఏటి కూర?" అన్నారు. "బెండకాయ" అన్నాను. అక్కడితో ఆ రోజుకి మాటలు అయిపోయాయి. రెండో రోజు బెండకాయ బదులు దొండకాయ. నెల తిరిగేసరికి నాకు ఆ సాయంత్రాలంటే భయం పట్టుకుంది. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే అది మామూలు సంగతి. మనిషి పక్క కుర్చీలో కూర్చుని ఉండగా ఒంటరిగా అనిపించడం మాత్రం నేను భరించలేకపోయాను. ఆయనకీ అలాగే ఉండేదేమో. నేనడగలేదు.

అప్పుడు మొదలైందీ బండి గొడవ. లైబ్రరీలో ఏదో విదేశీ పత్రికలో బొమ్మ చూశారట. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు, లోపల పడక, వెనక వంటిల్లు. కన్నీటి చుక్క ఆకారం అంటారట దాన్ని. కన్నీటి చుక్కని ఇనుముతో చెయ్యాలన్న ఆలోచన భిలాయి వాళ్ళకి తప్ప ఎవరికొస్తుంది? చెక్కతో చేస్తే తేలిగ్గా ఉంటుందని సర్దార్జీ చెప్పి చూశాడు. ఈయన వినలేదు. పాత జీపు ఇరుసొకటి కబాడీలో, అదే పాత ఇనప సామాన్ల కొట్లో, కొన్నారు. యాంగిళ్ళూ రేకులూ హథ్‌ఖోజ్‌లో కొని, వంపులు అక్కడే ఒక వర్క్‌షాపులో తిప్పించారు. ప్లాంటు నుంచి ఒక్క మేకు కూడా తీసుకురాలేదు. గేటు దగ్గర ఎవరూ అడక్కపోయినా టిఫిను క్యారియరు మూత తీసి చూపించే మనిషి ఆయన. సాయంత్రమైతే చాలు, పెరట్లో వెల్డింగు. వంటింటి కిటికీలోంచి ఆ నీలం వెలుగు నా గోడ మీద, గిన్నెల మీద పడుతూ ఉండేది. "భాభీజీ, యే తో రాకెట్ బన్ రహా హై" అని, వదినగారూ ఇక్కడ రాకెట్టే తయారవుతోంది అని, గోడ మీంచి సర్దార్జీ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒక్కటే ప్రశ్న తిరిగేది. ఇందులో వెళ్ళేది ఎంతమంది?

అది అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే, నువ్వూ రా అని మర్యాదకి అంటారు. మర్యాదకి పిలిస్తే వెళ్ళే మనిషిని కాను నేను. ఆయనే పిలవాలి. ఇదీ నా పంతం. ఆ మధ్య ఏదో పెళ్ళికి విజయనగరం వెళ్తూ ఉంటే, రైల్లో జేబులోంచి టేపు తీసి బెర్తు కొలవడం మొదలుపెట్టారు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ అగ్గిపెట్టె మీద రాసుకున్నారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఈయన రైల్వే ఇన్‌స్పెక్టరేమో అనుకుని కాళ్ళు కిందికి దించేసుకున్నారు. నాకు సిగ్గేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇంకా ఏమేం కొలిచారో చూడలేదు.

బండి పూర్తయ్యేసరికి విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు భిలాయిలో సుత్తికి కూడా దండ వేస్తారు, బండికి వెయ్యకుండా ఉంటారా? బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నన్ను పిలిచారు. "రాయే, కొబ్బరికాయ నువ్వే కొట్టాల" అన్నారు. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను, అబద్ధమెందుకు, సంతోషంగానే వెళ్ళాను. పక్క తలుపు తీశారు. వంగి లోపలికి చూశాను. ఒక పక్కగా, ఈ చివర్నుంచి ఆ చివరికి, రెండడుగుల వెడల్పు బల్ల ఒకటి. దాని మీద దేవుడి పటం, దీపం, పళ్ళు. అంతే. రెండడుగులు. అక్కడ ఒక్క మనిషి పడుకోవచ్చు, అదీ కదలకుండా.

"సరిపోయింది మీకు" అన్నాను.

"రైలు కొలతేనే. అంగుళం తేడా రానివ్వలేదు" అన్నారు. మొహమంతా వెలిగిపోతోంది. ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచారు. నేను కొబ్బరికాయ కొట్టేసి, కళ్ళలోకి పొగొచ్చిందని చెప్పి, లోపలికి వచ్చేశాను. చెప్పబోయింది చెప్పనియ్యకుండా వచ్చేయడం నాకు బాగా చేతనయిన విద్య.

రెండు రోజుల తర్వాత అన్నం తింటూ, "ఆదివారం నీకు పనేటైనా ఉందేటి?" అన్నారు. సర్దార్జీ జీపు ఇస్తానన్నాడని, తాండుల డ్యాము దాకా బండి తీసుకెళ్ళాలని నాకు అప్పటికే దీదీ చెప్పింది. దీదీ అంటే సర్దార్జీ భార్య. దారికి తిండి కట్టమని అడుగుతున్నారు కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉంది మరి. "ఉంది. పులిహోర చేసిస్తాను, పట్టికెళ్ళండి" అన్నాను. ఆయన "సర్లే" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళారు. సోమవారం పొద్దున్నే వచ్చారు, డ్యూటీ టైముకి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిద్ర పట్టిందా?" అన్నాను. "లేదు, కూచునే ఉన్నాను" అన్నారు. రెండడుగుల బల్ల మీద నిద్రెలా పడుతుంది, బాగా అయింది అనుకున్నాను. డబ్బా తీసి చూస్తే పులిహోర సరిగ్గా సగం ఉంది. ఉప్పెక్కువైందేమోనని రుచి చూశాను, బాగానే ఉంది. అది పారబోసి డబ్బా తోమేశాను.

ఆ తర్వాత బండి మీద తార్పాలిను కప్పారు. మళ్ళీ తియ్యలేదు. దాని మీద నేను వడియాలు పెట్టుకునేదాన్ని, ఇనుము వేడికి ఒక్కపూటలో ఎండిపోయేవి. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు, దుర్గ్‌లో అద్దెకి తీసుకున్న ఇంటికి పెరడు లేక, వంపులు తిప్పిన ఆ హథ్‌ఖోజ్ వర్క్‌షాపు అతనికే ఇచ్చేశారు. జీపు వెనక అది వెళ్ళిపోతుంటే గేటు దాకా వెళ్ళి చూశారు. నేను వంటసామాను మూట కడుతూ ఉన్నాను. ఆ తర్వాత మూడేళ్ళకి ఆయన పోయారు.

ఇదంతా గుర్తొచ్చి, మొన్న గొడుగు వేసుకుని రోడ్డు దాటాను. టీకొట్టామె నలభై ఏళ్ళుంటుందేమో, ఛత్తీస్‌గఢీ మనిషి. "బైఠ్ న దాయి, పానీ గిరత్ హే" అంది. వాన పడుతోంది, కూర్చో అమ్మా అని. పక్క తలుపు తీసింది. చేసిన మనిషి భార్యనై ఉండి కూడా ఎన్నడూ అడుగు పెట్టని చోటికి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, వంగి ఎక్కాను.

లోపల బల్ల లేదు. చిన్న కిటికీకి ఈ పక్కొకటీ ఆ పక్కొకటీ, ఎదురెదురుగా రెండు సీట్లు ఉన్నాయి. రెండింటికీ వీపులు, వీపులకి కింద మడతబందులు. ఆమె వచ్చి, "ఇవి రెండూ దించితే పడుకోవచ్చు దాయి. మేం దించం. బేరాల్లేనప్పుడు మా ఆయనా నేనూ ఇక్కడే కూర్చుంటాం" అని తన భాషలో చెప్పి, బిస్కెట్ డబ్బాలు తీసి నాకు ఒక సీటు ఖాళీ చేసింది. పూజకని, పటం పెట్టడానికని, ఆ రోజు ఆయన వీపులు దించి ఉంచారు. నేను చూసింది అదే. కూర్చున్నాను. ఎదురు సీటు నా మోకాళ్ళకి ఎంత దూరంలో ఉందో చూశాను. అక్కడ ఇంకో మనిషి కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. రైలు కొలతే, అంగుళం తేడా లేదు. నిద్ర సంగతి ఆ మనిషి అసలు ఆలోచించినట్టే లేదు.

తాండుల దగ్గర నీళ్ళ ఒడ్డున ఇందులో ఒక సీట్లో ఆయన తెల్లారేదాకా కూర్చున్నారు. రెండోది నాది. సగం పులిహోర కూడా నాదే. వానలో రోడ్డు మీదివాళ్ళకి కనపడదు కదా అని కాసేపు ఏడ్చాను. టీకొట్టామె చూసి, ఇంకో గ్లాసు టీ పోసిచ్చి స్టవ్వు దగ్గరికి వెళ్ళిపోయింది. తాగుతూ చాలాసేపు ఆ ఎదురు సీటు వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఊరెళ్ళే రైళ్ళు గంటా రెండు గంటలూ ఆలస్యంగా వచ్చినా స్టేషన్లో ఎవరో ఒకరు మన కోసం కూర్చునే ఉండేవారు. నేను ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాను. అంతసేపు ఎవరు మాత్రం కూర్చుంటారు.