మా క్రెష్‌లో ఏడుపు సీను

1993లో ఫిల్మ్‌నగర్‌లో, బండరాళ్ల మధ్య కట్టిన ఒక ఇంటి కింది వాటాలో నేను క్రెష్ నడిపేదాన్ని. క్రెష్ అంటే తల్లిదండ్రులు పనికి వెళ్లినంతసేపూ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే చోటు. మిగతా పేటల్లో సాయంత్రానికల్లా పిల్లల్ని తీసుకుపోతారు. మా దగ్గర షూటింగ్ ఎప్పుడు ముగిస్తే తల్లి అప్పుడే వచ్చేది. పాలు, పప్పన్నం, నిద్ర, కథలు అన్నీ నా చేతుల మీదే. ఏ పిల్ల మీదా చెయ్యెత్తకూడదన్నది నా నియమం. గొంతు మాత్రం ఎత్తుతాను, దానికి నాకేం మొహమాటం లేదు.

ఆ పిల్లల్లో ఐదేళ్ల సిరి ఒకర్తి. వాళ్లమ్మ రమణి డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద చిన్నపిల్లలు ఏడిస్తే థియేటర్లో వినపడే ఏడుపు ఆవిడదే. అప్పట్లో సీనును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ తిప్పి తిప్పి వేసేవారు. దాన్ని లూప్ అంటారు. మాట పెదవులకు కుదిరేదాకా ఆర్టిస్టు అదే మాట అంటూనే ఉండాలి. ఒక సెలవురోజు తల్లి వెంట స్టూడియోకి వెళ్లిన సిరి, సవతితల్లి సీను మొత్తం పట్టేసింది. ఇక రోజూ మధ్యాహ్నం నిద్ర లేవగానే పెరట్లో నీళ్ల తొట్టి పక్కన కూర్చుని, "కొట్టొద్దు పిన్నీ! అన్నం పెట్టకపోయినా ఫర్వాలేదు, కొట్టొద్దు!" అని మొదలుపెట్టేది. లూప్ కదా, ఒకసారితో ఆగదు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకునేదాన్ని.

గోడ అవతలి ఇంట్లోకి ఎర్రగడ్డ నుంచి కొత్తగా వచ్చిన సుగుణమ్మకు ఈ సినిమా గొడవలేవీ తెలియవు. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక సాయంత్రం ఏకంగా కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకొచ్చింది. ఆ రోజు షూటింగులు తొందరగా ముగిసి, సరిగ్గా తల్లులందరూ పిల్లల కోసం వచ్చిన వేళ.

"గీమెనే సార్. గా పోరిని రోజూ సంపుతున్నది. బువ్వ గూడ పెడ్తలేదు," అంది నన్ను చూపించి.

"ఏందమ్మా గిది?" అన్నాడు కానిస్టేబుల్.

"అది డైలాగండీ. రమణిగారూ, మీ సీనే కదా, చెప్పండి!" అన్నాను.

"రోజుకి ఎన్ని ఏడుపులు ఏడుస్తానో, నాకేం గుర్తుంటుందండీ?" అంది రమణి. అని కూతుర్ని దగ్గరికి లాక్కుని చేతులు, వీపు తడిమి చూసుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మిగతా తల్లులు అప్పుడే పిల్లల సంచులు వెతుక్కుంటున్నారు. వాళ్లు అలాగే వెళ్లిపోతే మర్నాడు నా గడప తొక్కేవాళ్లుండరు. పిల్లల్ని కొట్టే మనిషని పేరు పడ్డాక ఏ ఊళ్లోనూ ఈ పని చెయ్యలేను.

"పిల్లను లోపల కూర్చోబెట్టి మెల్లగా అడగండి," అని బతిమాలాను. కానిస్టేబుల్ వినలేదు. అందరి మధ్యా మోకాళ్ల మీద కూర్చుని, "భయపడకు బిడ్డా. ఏమేం జేస్తదో అంతా చెప్పు," అన్నాడు.

సిరి చుట్టూ చూసింది. ఇంతమంది పెద్దవాళ్లు నోళ్లు మూసుకుని తన వంకే చూడటం ఆ పిల్ల బతుకులో అదే మొదలు. గొంతు సవరించుకుని అందుకుంది. "కొట్టొద్దు పిన్నీ..." అనేసరికి కళ్ల వెంట నీళ్లు. సుగుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కానిస్టేబుల్ టోపీ తీసేశాడు. నేను అడ్డుపడితే పిల్లను బెదిరిస్తున్నానంటారు. అయితే రోజూ వినీ వినీ ఆ సీను నాకూ కంఠతా వచ్చు. తర్వాత ఏం రాబోతోందో తెలుసు.

"ఆపకమ్మా, చివరిదాకా చెప్పు," అన్నాను.

"మా నాన్నే బతికుంటే నాకీ గతి పట్టేదా పిన్నీ!" అని సిరి నేల మీద కూలబడింది.

కానిస్టేబుల్ కళ్లు తుడుచుకుని రమణి వైపు తిరిగాడు. "తండ్రి ఎప్పుడు పోయిండమ్మా?"

ఆవిడ పక్కన కూతురి నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ మనిషి ఇబ్బందిగా, "నేనేనండీ ఆ నాన్నని," అన్నాడు.

ముందు రమణి నవ్వింది, తర్వాత అందరూ. "అయ్యో, ఇది నా సీనే! ఆ ఎక్కిళ్లు నావే!" అంటూ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. తల్లులు సంచులు కింద పెట్టి టీ అడిగారు. సుగుణమ్మ మాత్రం తగ్గలేదు. "మరి గంత మంచిగ ఎట్ల ఏడుస్తది?" అని నన్నే నిలదీసింది.

ఆవిడతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కొద్ది రోజులకే సిరి తొట్టి దగ్గర జారిపడి పెదవి చిట్లగొట్టుకుంది. నేను వంటింట్లోంచి పరుగెత్తేసరికే సుగుణమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని రక్తం తుడుస్తోంది.

"ఇందుల మాటల్లేవు టీచరమ్మా, వట్టి ఏడుపే. అందుకే ఉరికొచ్చిన," అంది.

నా కోపమంతా అక్కడే పోయింది. పిల్ల ఏడిస్తే ముందు లేచి వెళ్లాలి, నాటకమో నిజమో తేల్చుకోవడం తర్వాత. తేల్చుకునేటప్పుడు మాత్రం చుట్టూ జనం ఉండకూడదు. "అక్కా, ఇకముందు మాటలున్నా రండి," అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ రోజూ వచ్చేది. వచ్చి నాతోపాటు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, సిరి ఏడుపుకి వంకలు పెట్టేది.