‘కావచ్చు’ వదలని బాబాయిగారు

మా పక్కింటి బాబాయిగారు పోయిన నెల కాలం చేశారు. యుద్ధనౌకలు, నిఘా అంచనాలు, సంధి చర్చలు లాంటి బరువైన విషయాల మీద, బీకాం రెండో దండయాత్రలో గట్టెక్కిన నాబోటి వాడు కలం పట్టినందుకు విజ్ఞులైన పాఠకులూ, ఉభయ దేశాల విదేశాంగ శాఖలూ పెద్ద మనసుతో క్షమించాలి.

ఆయన నౌకాదళంలో గుమాస్తాగా చేసి, రిటైరై నరసాపురంలో స్థిరపడ్డారు. పొరుగు దేశపు నౌకలు ఎక్కడున్నాయి, ఎందుకున్నాయి అన్న అంచనాలను టైపు చేయడం ఆయన ఉద్యోగం. రహస్యాలేవీ చెప్పేవారు కాదు. పూతరేకులు పెట్టి అడిగినా అంతే, పూతరేకులే పోయేవి. ఒక్క మాట మాత్రం అనేవారు.

“కింద మేము ‘దాడికి కావచ్చు, ఉత్త బెదిరింపు కావచ్చు’ అని కొట్టేవాళ్ళంరా. కాగితం మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక ‘కావచ్చు’ రాలిపోయేది. పైనున్న పెద్దమనిషి చేతికి ‘దాడికే’ అని చేరేది. ఇంక ఆయన చర్చలకి ఏ మొహంతో కూర్చుంటాడు?”

రోజూ చేపలు తెచ్చే, వీధంతా ‘అత్త’ అని పిలిచే ఆవిడతో ఆయన బేరం చూసి తీరాలి. ఆవిడ చెప్పిన ధరకి ఈయన సగం అనేవారు. ఆవిడ తట్ట నెత్తికెత్తుకుని గేటు దాకా నడిచేది.

“చూశావా, ఇదీ సైనిక విన్యాసం,” అనేవారు నా చెవిలో. “ఎండెక్కింది, తట్ట ఇంకా బరువుగానే ఉంది. వెనక్కొస్తుంది.”

వచ్చేది. ఒక్కరోజు మాత్రం రాలేదు.

“ఏంటి బాబాయిగారూ, మీ నిఘా?”

“బరువు సరిగ్గానే చూశానురా, మనిషిని చూడలేదు,” అని ఆ పూట ఆవకాయతో సరిపెట్టుకున్నారు.

మర్నాడు తెలిసింది. గుజరాత్ పడవల్లో పనికెళ్ళిన ఆవిడ కొడుకు సముద్రంలో సరిహద్దు గీత దాటాడని పొరుగు దేశం వాళ్ళు పట్టుకుపోయారు. ఆ గేటు దాటగానే ఆవిడకి ఫోనొచ్చిందట.

ఆ రోజు నుంచి బేరాల్లేవు. అత్త మెట్టు మీద కూర్చునేది, బాబాయిగారు పేపరు చదివేవారు. రెండేళ్ళు అదే వార్త. చర్చలు అంటారు. ఈలోగా వాళ్ళు క్షిపణి పేలుస్తారు, మనవాళ్ళు నౌకలు దింపుతారు. చర్చలు వాయిదా. చివరికి పేపరు లేకుండానే చదివేసేంత విసుగొచ్చింది నాకు.

“మనం చేస్తే విన్యాసం, వాళ్ళు చేస్తే సన్నాహం అని రాస్తామమ్మా,” అన్నారోసారి. “అక్కడా నాలాంటి గుమాస్తా ఒకడు కూర్చుని ఇదే తిరగేసి కొడుతుంటాడు.”

“మరి మావోడి సంగతి ఎవరు రాత్తారండి?”

బాబాయిగారు కళ్ళజోడు సర్దుకుని, జాలర్ల ఊసు ఎక్కడైనా ఉందేమోనని పేపరు మళ్ళీ మొదటి నుంచి తిరగేశారు.

“వదిలేత్తారా లేదా, ఒక్కసారి గట్టిగా చెప్పండి బాబుగారూ.”

“వదలొచ్చమ్మా. తెలియంది అంతకంటే గట్టిగా చెప్పకూడదు.”

ఆవిడకి కోపమొచ్చేది. అయినా మర్నాడు వచ్చేది. అబద్ధం చెప్పని మనిషి ఊళ్ళో ఈయనొక్కరేనని నాతో అంది. బాబాయిగారు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, అత్త కొడుకు సంగతి అడిగితే ఏం చెప్పమంటారని అడిగాను.

“తెలియదని చెప్పు. అదే మర్యాద,” అన్నారు.

పెద్దకర్మ నాడు అత్త ఉత్త చేతుల్తో వచ్చింది. ఆ పొద్దున పేపర్లో మళ్ళీ యుద్ధనౌకల ఫొటో. ఆవిడ అది చూడలేదు. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, “పోయేముందు మావోడి గురించి ఏవన్నా అన్నారా బాబూ?” అంది.

ఇప్పుడు అత్త ఇంటి ముందు దండెం మీద కొడుకు చొక్కాలు ఉతికి ఆరేసి ఉన్నాయి. పొద్దున్నే తీసి మడత పెడుతుంది, మర్నాడు మళ్ళీ ఉతుకుతుంది. అడిగినవాళ్ళందరికీ “బాబుగారు చెప్పి మరీ పోయారు” అంటోంది.

నేను చేసిందల్లా ఒక్కటే. నెల తిరక్కుండా వచ్చేస్తాడని బాబాయిగారు అన్నారని చెప్పాను.