బస్తా మీద కాలు

తుఫానుకు తడిసి పచ్చబూజు పట్టిన మొక్కజొన్నల్ని మామగారు ఎండబెట్టి, చెరిగి, అరబస్తా నాకిచ్చి మార్టూరులో బస్సెక్కించారు. మనుషులు తినలేనివి గేదెకు పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. గేదె అభిప్రాయం ఎవరూ అడగలేదు.

పక్కసీట్లో పెద్దావిడ ఒళ్లో ఖాళీ పలుపుతాడు ఉంది. బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి వాసన చూసింది.

"ఎవరికి బాబూ ఇవి?"

"గేదెకండి. ఎండబెట్టాం, బూజు పోయింది."

"మేమూ ఎండబెట్టాం. బూజు పోయింది, విషం పోలా. మొన్న మా గేదె పోయింది," అంటూ తాడు చూపించింది. "పాలల్లోకీ దిగుద్దంట, పశువుల డాక్టరు చెప్పాడు. మీ గేదె పాలు ఎవరు తాగుతారు?"

"మా పాప. పది నెలలు."

ఆవిడ బస్తా మీద కాలేసి తొక్కిపట్టింది. నా స్టాపు వచ్చింది. లాగాను. కదల్లేదు.

"నువ్వు దిగు బాబూ. ఇది దిగదు."

"ఏందయ్యా, దిగుతావా లేదా? బస్తా ఎవరిది?" కండక్టరు అరిచాడు. బస్సంతా నావైపే చూసింది. కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది కాబట్టి, వాదించడానికి నోరు తెరిచాను.

"ఆవిడదే," అన్నాను.

బస్సులో మర్చిపోయానని ఇంట్లో చెప్పాను. నా మతిమరుపు మీద మావాళ్లకున్న నమ్మకం అంత గట్టిదని అప్పుడే తెలిసింది. ఎవరూ మరో మాట అడగలేదు. పాప పాలు తాగి పడుకుంది.