సారు పారబోసిన నీళ్లు

మా కోసిగి హైస్కూల్లో సైన్సు సారు తను తాగే బాటిల్లోంచి సగం నీళ్లు గ్రౌండులో పారబోసేవాడు. "యాడికి పోతాయో చూడండప్పా, ఆపండి" అనేవాడు. మేం ఉరికి మట్టితో కట్ట వేసేవాళ్లం. బిందెడు నీళ్లకు కొట్లాడుకునే ఊళ్లో ఇదేం చదువో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు నా పక్కన కూర్చునే పిల్ల కట్ట వేసేదానికి లేయలేదు. "నీళ్లు ఆపేది నేర్పిస్తాండారు సార్. రేపు మావోళ్లు మిరపకాయలు కోసేదానికి గుంటూరు పక్క సుగ్గికి వలస పోతాండారు. నన్నూ తీస్కపోతారు. మమ్మల్నెట్ల ఆపుతారు?" అనింది.

సారు మిగిలిన నీళ్లు కూడా ఆ పిల్ల కాళ్ల ముందు పోసి, తనే కూలబడి రెండు చేతుల్తో కట్ట వేసినాడు. అది జవాబో, చేతగానితనమో నాకిప్పటికీ తెలీదు.

మరునాడు ఆ పిల్ల రాలేదు. సారు బాటిల్ మూత తీసి, ఆమె జాగా చూసి, మళ్లా బిగించేసినాడు.