అవ్వ పంపిన అనుములు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఎమ్మెస్సీ చదివేవాళ్లకు తెలియనిది లోకంలో ఉండదని ఒకటి, ప్రయోగం చెడితే తప్పు పరికరానిదే గానీ మనది కాదని ఇంకొకటి. రెండింటినీ మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం) ఒకే ఒక్క అనుముల సంచితో తుడిచిపెట్టింది. కరీంనగర్‌లో ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు నాది. అనుముల్లో ఉండే ఒక ప్రొటీన్‌ను వేరుచేసి దాని గుణం చూపించాలి. దాన్ని రక్తపు చుక్కలో కలిపితే ఎర్రకణాలు గుంపులుగా అతుక్కుంటాయి, అదే అది దొరికిందనడానికి గుర్తు. బజారులో అమ్మేవి ఎప్పటివో ఏమోనని (అది నా పాండిత్యం) చొప్పదండి దగ్గరున్న మా ఊరికి ఫోన్ చేసి, మన పొలం గెట్టు మీద కాసినవే పంపమన్నాను. మూడోనాటికల్లా బాపు సంచి తెచ్చి ఇచ్చి వెళ్లాడు.

నెల రోజులు ఆ గింజలను పిండి పట్టాను, ఉప్పునీళ్లలో కలిపాను, వడగట్టాను, ఆ తేటను రక్తంలో వేసి చూశాను. రక్తం మా ల్యాబ్ అటెండర్ చాచాది. సూది చూస్తే వణికే మనిషి, నా కోసం కళ్లు గట్టిగా మూసుకుని వేలు చాపేవాడు. కణాలు మాత్రం దేనికది విడివిడిగా తిరుగుతుండేవి. నేను కాసేపు యంత్రాన్ని, కాసేపు కరీంనగర్ నీళ్లను తిట్టుకునేదాన్ని. చాచాకేమో వేరే బెంగ పట్టుకుంది. "నా నెత్తురు మంచిగ లేదా బేటీ? జర డాక్టరుకు సూపెట్టుకోవాల్నా?" అని రోజూ అడిగేవాడు.

చివరికి మా గైడ్ మేడం, "పది రోజుల్లో ఫలితం చూపించు, లేకపోతే ఈ ఏడు సంతకం పెట్టను" అని తేల్చేశారు. సంతకం లేకపోతే ఏడాది పోయినట్టే, ఏడాది పోతే నా చదువు అక్కడితో ఆగినట్టే. పరేషాన్ అయి అవ్వకు ఫోన్ చేశాను.

"అనుములల్ల మందు గిట్ల ఏమన్న కలిపినవా అవ్వా?"

"యేసయ్య సాచ్చిగ ఏం కలపలే బిడ్డా. ఫికర్ చెయ్యకు, ఆదివారం పాస్టరయ్యతోని నీ ప్రొటీన్ కోసం ప్రార్థన చేపిస్త."

ఫోన్ పెట్టేసి నేను ఏడుస్తుంటే చాచా చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. కాసేపు నసిగి నసిగి, "తప్పయింది బేటీ. నీ డబ్బాల కెల్లి రోజు గుప్పెడు తీసి చాయ్‌తోని తింటున్న. గందుకే తక్కువ పడుతున్నయేమో. మీ అమ్మ మస్తు ఏంచింది" అన్నాడు.

"ఏంచిందా?"

"ఏంచకుంటే గిట్ల కరకరమంటయా? పచ్చియయితే నా పండ్లు ఊడుతుండె."

నెల రోజులుగా నేను పిండి పట్టింది వేయించిన గింజలనన్నమాట! వేడి తగిలితే ఈ ప్రొటీన్ పనికిరాకుండా పోతుందన్నది మాకు చెప్పిన మొదటి పాఠం (పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను). మళ్లీ ఫోన్ చేస్తే అవ్వే నన్ను దులిపేసింది. "ఏంచకుంట పంపుతరా బిడ్డా, పురుగు పడదా? సన్నటి సెగ మీద పొద్దంత కూసొని ఏంచిన. కలిపినవా అన్నవ్ గని, ఏంచినవా అని అడిగినవా?"

మర్నాడు అవ్వే బస్సెక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి పచ్చి అనుములు నా ముందు పోసింది. "విత్తనాలకు దాసినయి. పచ్చియంటే ఇంట్ల గివ్వే ఉన్నయి" అంది. నేను ఒక్క గింజ మిగల్చకుండా పిండి పట్టాను. ఈసారి కణాలు గుత్తులు గుత్తులుగా అతుక్కున్నాయి. "నా నెత్తురు మంచిగనే ఉన్నది!" అని చాచా ల్యాబంతా తిరిగి చెప్పి వచ్చాడు. మేడం సంతకం పెట్టారు.

ఆ గొప్పలో అవ్వకు ఫోన్‌లో పెద్ద ఉపన్యాసమిచ్చాను. ఈ ప్రొటీన్ పచ్చిగా తింటే కడుపుకు చేటు, బాగా ఉడికితే దాని బలం పోతుంది అని. అంతా విని, "ఉడకబెట్టుకోని తినాలె అంటవ్. గిది తెల్సుకునేతందుకా బిడ్డా గింత కష్టం?" అంది. నాకు రోషమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ ఏడు మా గెట్టు మీద అనుము తీగ పాకలేదు. ఎందుకని నేను అడగనూ లేదు. ఇప్పుడు పిల్లలకు అదే పాఠం చెప్పి బతుకుతున్నాను. ఈ బతుకు అవ్వ పెట్టిందే, చాచా వేలు చాపి ఇచ్చిందే. ఆ రోజు ల్యాబ్‌లో నిలబడ్డ మేధావిని తలచుకుంటే నవ్వొస్తుంది. అన్నీ తెలిసిన పిల్లకు, ఓ గుప్పెడు గింజలు విత్తనానికి ఉంచుకో అవ్వా అనాలని మాత్రం తోచలేదు.