మావయ్య చెరువు మీద నా దర్యాప్తు

ఒక మనిషి మీద జీవితాంతం కోపం ఉండాలంటే వాడు పెద్ద ద్రోహమే చేసి ఉండాలి కదా? నాకు అలాంటివాడు ఒకడున్నాడు. పందొమ్మిదేళ్ళ నేను! ఆ వెధవ మా మావయ్య చేపల చెరువును ఒక్క పొద్దుటిపూటలో శ్మశానం చేయబోయాడు. ఎలాగో చెబుతాను, విన్నాక మీరూ నాలుగు తిట్టండి.

అప్పట్లో వట్లూరులో క్రిమినల్ జస్టిస్ డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం మర్యాదకు. నిజానికి ఒక్క పాఠమే తలకెక్కింది: నేరం జరిగిన చోట దేన్నీ ముట్టుకోకూడదు. ఇంట్లో పెరుగు గిన్నె ఒలికినా చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాణ్ణి. అమ్మ చీపురు విసిరేది.

పెదపాడు దగ్గర మావయ్య చెరువు పట్టుబడికి, అంటే చేపలు పట్టి అమ్మే అదనుకి వచ్చింది. కాపలా మనిషి ఊరెళ్ళాడని, ఆ రాత్రికి గట్టు మీద షెడ్డులో నన్ను పడుకోమన్నారు. తెల్లారి లేచి చూద్దును కదా, చేపలన్నీ నీళ్ళ మీదకి తలలెత్తి, నోళ్ళు తెరుచుకుని గిలగిలలాడుతున్నాయి. కొన్ని అప్పటికే పక్కకు ఒరిగిపోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. విషప్రయోగం! మావయ్యతో గట్టు తగాదా ఉన్న పక్క చెరువు రాంబాబు పనే ఇది!

ఫోన్ చేయగానే మావయ్య బండి మీద వచ్చి, దాన్ని గట్టునే పడేసి, స్విచ్ బోర్డు వైపు పరిగెత్తాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

“ముట్టుకోకండి మావయ్యా! వేలిముద్రలు పోతాయి!”

“ఏలిముద్రలేంట్రా? చేపలు చచ్చిపోతన్నాయి, ఏరియేటరు ఎయ్యనీ!”

ఏరియేటరంటే చెరువులో నీళ్ళు చిమ్మే చక్రాల యంత్రం. అదెందుకో నాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు.

“సాక్ష్యం చెరిగిపోతే కోర్టులో మనమెలా నిలబడతామండి?”

“చెరువు పోతే నేనెక్కడ నిలబడాల్రా?”

ఇంతలో రాంబాబు గారు చేతిలో పొట్లంతో రొప్పుతూ వచ్చారు. “ఏవండీ, మీ మేనల్లుణ్ణి పక్కకి తియ్యండి. అర్జెంటుగా బిళ్ళలు చల్లాలి!”

“దొరికారండి! విషంతో సహా దొరికారు!” అని అరిచి, ఆ పొట్లం లాక్కుని చొక్కాలో దోపుకున్నాను.

ఆయన ముఖం ఎర్రబడిపోయింది. “అయ్యి ఆక్సిజన్ బిళ్ళలు బాబూ! మీ చెరువు కోసం మా షెడ్డులోంచి పట్టుకొచ్చాను. నన్నే అనుమానిస్తావా?”

“విషం పెట్టినవాళ్ళందరూ ఇలాగే అంటారండి.”

చూశారా, అంత కోపంలోనూ ‘అండి’ మాత్రం వదల్లేదు. పెంపకం అలాంటిది.

మావయ్య ఒక్క తోపు తోశాడు. నేను బురదలో పడ్డాను. ఆయన స్విచ్ వేశాడు, రాంబాబు గారు నా చొక్కాలోంచి పొట్లం పీక్కుని బిళ్ళలు చల్లారు. చాలాసేపటికి చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. దిగనివి తెల్లటి పొట్టలు పైకి పెట్టి గట్టు వారకు కొట్టుకొచ్చాయి. వాటిని చూస్తూ మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

తరువాత నా వైపు తిరిగాడు. “రాత్రి ఏరియేటరు నేనే ఏసి ఎళ్ళాను. ఎవడు కట్టేశాడ్రా?”

“నేనే కట్టేశాను. ఆ మోతకి నిద్ర పట్టి చావలేదు,” అని విసుక్కున్నాను. “దానికీ దీనికీ ఏం సంబంధం మావయ్యా? ముందు నేరస్థుణ్ణి పట్టుకుందాం పదండి!”



“ఏరియేటరు ఆగితే నీళ్ళలో గాలి అందక చేపలు చచ్చిపోతాయి బాబూ,” అన్నారు రాంబాబు గారు.

మావయ్య ఆయనకి దణ్ణం పెట్టి అన్నాడు: “పట్టించుకోకండి రాంబాబు గారూ. స్విచ్చి మీద ఏలిముద్రలు మాత్రం భద్రంగా కాపాడాడండి. అయ్యి ఈడియ్యే!”

చచ్చిన చేపలన్నీ మధ్యాహ్నం దాకా నా చేతులతోనే ఏరించారు. అడిగే ముఖం లేక అన్నం కూడా అడగలేదు.

అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎక్కడ ఏ నేరం జరిగినా, ముందు నన్ను నేనే అరెస్టు చేసుకుని, నాలుగు తగిలించి, నిజం కక్కించాకే ఇంకొకరి చొక్కా పట్టుకుంటాను.